కరగకుండా కలిసే రేకులు

పలుచని అల్యూమినియం మిశ్రలోహపు రేకులను అతకడం ఉక్కు రేకులను అతికినంత సులభం కాదు. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది; దానిని కప్పి ఉండే ఆక్సైడ్ పొర కరగడానికి మాత్రం 2,000 డిగ్రీలకు మించిన వేడి కావాలి. పైగా ఈ లోహం విద్యుత్తును, వేడిని త్వరగా ప్రసరింపజేస్తుంది. అందువల్ల సాధారణ స్పాట్ వెల్డింగ్‌కు అధిక విద్యుత్ ప్రవాహం అవసరమవుతుంది. రాగి ఎలక్ట్రోడ్లు త్వరగా అరుగుతాయి. కరిగి గడ్డకట్టిన లోహంలో సూక్ష్మరంధ్రాలు, పగుళ్లు ఏర్పడే అవకాశం ఉంటుంది.

ఈ చిక్కులలో అధిక భాగానికి మూలం కరిగించడమే. లోహాన్ని ఘనస్థితిలోనే కలిపే ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌ను 1991లో ఇంగ్లండులోని టీడబ్ల్యూఐ సంస్థ రూపొందించింది. జపానుకు చెందిన మాజ్డా సంస్థ దీనిని స్పాట్ వెల్డింగ్‌కు అనువుగా మలచి, 2003లో ఆర్‌ఎక్స్-8 కారు వెనుక తలుపులలో వినియోగించింది.

ఈ పద్ధతిలో వేగంగా తిరిగే గట్టి పనిముట్టును ఒకదానిపై ఒకటి పేర్చిన రేకులలోనికి నొక్కుతారు. అడుగున దృఢమైన ఆధారం ఉంటుంది. రాపిడి వేడికి లోహం కరగదు, మెత్తబడుతుంది. పనిముట్టు కొనన ఉన్న పిన్ రెండు రేకుల లోహాన్ని కలియతిప్పి ఆక్సైడ్ పొరను ఛిన్నాభిన్నం చేస్తుంది. దాని భుజభాగం పైనుండి అదిమి ఉంచుతుంది. కొద్ది సెకన్లలో అతుకు సిద్ధమవుతుంది.

అయితే పైకి నునుపుగా కనిపించినంత మాత్రాన అతుకు బలమైనదని భావించరాదు. లోహం కదిలేటప్పుడు రెండు రేకుల సరిహద్దు కొక్కెంవలె పైకి వంగుతుంది. పనిముట్టును ఎక్కువ లోతుకు దించితే పై రేకు పలుచబడి, ఆ కొక్కెం వద్దనే తెగుతుంది. తక్కువ లోతుకు దించితే కలయిక చాలదు. తిరిగే వేగం, దించే లోతు, నిలిపి ఉంచే కాలం అనే మూడింటినీ రేకు మందానికి అనుగుణంగా నిర్ణయించాలి. కోత బలానికి బాగా నిలిచే అతుకు సైతం రేకులను విడదీసే లాగుడుకు త్వరగా లొంగుతుంది. కనుక రెండు రకాల పరీక్షలూ అవసరమే.

వ్యవసాయ పరికరాల రూపకల్పనలో మరొక అంశాన్ని గమనించాలి. పిన్ వెలుపలికి వచ్చిన చోట ఒక గుంట మిగులుతుంది. పిచికారీ ద్రావణం ఆ గుంటలోను, రేకుల సందులోను నిలిచిపోగలదు. బోర్డో మిశ్రమం వంటి రాగి మందుల శేషం అల్యూమినియాన్ని తినివేస్తుంది. గుంటను తిరిగి పూడ్చే రీఫిల్ పద్ధతి ఉన్నప్పటికీ, దానికి మరింత సంక్లిష్టమైన పనిముట్టు కావాలి. మందులు తగిలే భాగాలలో రేకుల సందును సీలెంటుతో మూసివేయడం, పని ముగిసిన వెంటనే కడగడం తప్పనిసరి. అతుకు మన్నిక ప్రయోగశాలలో కొలిచిన బలంపైనే కాక, పొలంలో దానికి తగిలే ద్రావణాలపైనా ఆధారపడి ఉంటుంది.