గాల్లో ఎగిరే ఇంజనుకు నీళ్ళ గొట్టమే ఆయువుపట్టు

పాతకాలపు పిండిమర చూసినవారికి ఇంజను పక్కన ఉండే నీళ్ళ తొట్టి గుర్తుండే ఉంటుంది. తొట్టి అడుగు నుంచి ఒక గొట్టం ఇంజనులోకి, ఇంజను పైనుంచి మరో గొట్టం తిరిగి తొట్టిలోకి. పంపు లేదు, ఫ్యాను లేదు. కాగిన నీరు పైకి పోయేది, చల్లని నీరు కిందినుంచి వచ్చేది. కాని తొట్టిలో నీటిమట్టం పై గొట్టం కంటే దిగిపోయిందా, ఆ తిరుగుడు ఆగిపోయేది. తొట్టిలో సగానికి పైగా నీళ్ళున్నా ఇంజను మాత్రం కాగిపోయేది. అందుకే మర ఆడించే మనిషి పొద్దున్నే ముందుగా చూసుకునేది ఆ మట్టమే.

సరిగ్గా ఇలాంటి చిక్కుతోనే అమెరికాలో కొందరు ఏళ్ళ తరబడి కుస్తీ పడుతున్నారు. తేడా ఏమిటంటే వారి ఇంజను నేలమీద ఉండదు. వేల అడుగుల ఎత్తున ఉంటుంది.

అమెరికాలో సొంతంగా విమానం తయారు చేసుకుని ఎగరడానికి చట్టం ఒప్పుకుంటుంది. కారు షెడ్డులోనో, ఇంటి పెరట్లోనో కొన్నేళ్ళపాటు సెలవు రోజుల్లో కూర్చుని కట్టుకుంటారు. షరతు ఒకటి ఉంది. పనిలో సగానికి పైగా వ్యాపారం కోసం కాక, నేర్చుకోవడం కోసం, సరదా కోసం చేసినది కావాలి. ఇది ప్రయోగాత్మక విమానం అని తలుపు దగ్గర పెద్ద అక్షరాలతో రాసుకోవాలి. ఇలాంటి వారి కోసం పాల్ పోబెరెజ్నీ అనే ఆయన 1953లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక సంఘం పెట్టారు. 1970 నుంచి ఆ రాష్ట్రంలోనే ఆష్‌కాష్ అనే ఊళ్ళో ఏటా వేసవిలో ఆ సంఘం జాతర జరుగుతోంది. మన తీర్థానికి బళ్ళు కట్టుకుని వచ్చినట్టు అక్కడికి జనం విమానాల్లో వస్తారు.

విమానాల కోసమే చేసిన ఇంజను ఖరీదు చాలా ఎక్కువ. కనుక కొందరు కారు ఇంజను బిగిస్తారు. అందులోనూ కొందరికి జపాన్ మజ్దా కంపెనీ వారి 13బి రోటరీ ఇంజను మీద మోజు.

తిరిగే ముక్కోణం

రోటరీ ఇంజనులో పిస్టను లేదు, కనెక్టింగ్ రాడ్డు లేదు, వాల్వులు లేవు. కోడిగుడ్డు కంటే కాస్త నడుము నొక్కినట్టుండే గదిలో ముక్కోణపు దిమ్మ ఒకటి తిరుగుతుంది. అది ఒక చుట్టు తిరిగేసరికి ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ దీన్ని ఆలోచించారు. ఎన్.ఎస్.యు. అనే కంపెనీలో 1957లో మొదటి నమూనా నడిచింది. 13బిలో అలాంటి దిమ్మలు రెండు. ఒక్కోదానికి 654 సి.సి. (మొదటి ప్రపంచ యుద్ధంలో సిలిండర్లే గిరగిర తిరిగే విమాన ఇంజన్లు ఉండేవి. వాటినీ రోటరీ అనేవారు. వాటికీ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. అవి గాలితో చల్లబడేవి, నీళ్ళ గొడవే లేదు.)

విరిగే వాల్వు లేదు, తెగే రాడ్డు లేదు. గాల్లో ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? మరి చిక్కు ఎక్కడ? వేడిలో.

మామూలు ఇంజనులో మంట మండిన చోటికే తర్వాత చల్లని గాలీ పెట్రోలూ వస్తాయి. రోటరీలో అలా కాదు. గదికి ఒక పక్కే ఎప్పుడూ మంట, రెండో పక్కే ఎప్పుడూ చల్లగాలి. స్పార్క్ ప్లగ్గులున్న వైపు విశ్రాంతి అన్నమాట లేకుండా కాలుతూనే ఉంటుంది. తీసెయ్యాల్సిన వేడిలో సుమారు మూడో వంతును ఇంజను ఆయిలే మోస్తుంది. కనుక దానికీ వేరే రేడియేటరు కావాలి. మిగతాది నీళ్ళ వంతు.

పైగా ఈ ఇంజను కట్టుబడి టిఫిన్ క్యారియరు లాంటిది. ఇనుప పలక, అల్యూమినియం గది, మళ్ళీ పలక, మళ్ళీ గది, చివర పలక. అయిదు ముక్కలను పొడుగాటి బోల్టులతో కలిపి బిగిస్తారు. ముక్కకీ ముక్కకీ మధ్య నీరు కారకుండా సన్నని రబ్బరు రింగులు. ఒక్కసారి అతిగా కాగితే ఆ రింగులు మాడిపోతాయి. అప్పుడు లోపలి మంట తాలూకు పొగ నీళ్ళలోకి జొరబడి, ఉన్న నీటిని బయటికి తోసేస్తుంది. నీరు తగ్గేకొద్దీ వేడి, వేడి పెరిగేకొద్దీ పొగ. లారీ అయితే రోడ్డు పక్కన ఆపి కాలవ నీళ్ళు పోస్తాం. విమానాన్ని ఎక్కడ ఆపుతారు?

గాలి పట్టిన మోటారు

ఈ కథలో అసలు దొంగ గాలిబుడగ. బావి మీద మోటారు గాలి పడితే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కరలేదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం రావు. ఇంజను నీళ్ళ పంపుకీ అదే జబ్బు. అందుకని గొట్టాలు బిగించేవారు ముందు చూసేది ఇంజనులో, రేడియేటరులో అన్నిటికంటే ఎత్తయిన చోటు ఏది అని. అక్కడినుంచి వేలికంటే సన్నని గొట్టం ఒకటి తీసి, ఇంకా ఎత్తున ఉండే చిన్న తొట్టికి కలుపుతారు. బుడగలు అందులోకి చేరతాయి. ఆ తొట్టి అడుగు నుంచి మరో గొట్టం తిన్నగా పంపు నోటికి. పంపు ఎప్పుడూ నిండు నీటినే లాగాలని ఈ ఏర్పాటు. పిండిమర తొట్టికి ఇది తమ్ముడనుకోవచ్చు.

చెప్పినంత సులువు కాదు. విమానం ముక్కు సన్నగా ఉంటుంది, ఇంజను పైన తొట్టికి చోటుండదు. తోకకింద చక్రం ఉన్న విమానమైతే నేలమీద ముక్కు పైకెత్తి కూర్చుంటుంది, గాల్లో సమంగా వస్తుంది. అంటే నేలమీద ఎత్తయిన చోటు గాల్లో ఎత్తయినది కాకపోవచ్చు. నేలమీద కదలకుండా కూర్చున్న బుడగ ఎగిరాక కదిలి పంపులోకి రావచ్చు.

రేడియేటర్లు రెండు పెట్టి, నీటిని చెరి సగం పంచేవారూ ఉన్నారు. పాత కార్లలో ఏ.సి. కోసం వాడిన అల్యూమినియం జాలీలను తుక్కు దుకాణాల్లో చవకగా కొని ఈ పనికి వాడినవారు చాలామంది. ఇక్కడో మోసం ఉంది. రెండిటిలో ఒకదాన్ని గాలి పడితే నీరంతా సులువుగా ఉన్న రెండోదానిలోంచే పోతుంది. పొలానికి రెండు బోదెలు పెట్టి ఒకటి పూడిపోతే నీరు ఎటు పోతుందో అటే. అందుకని ఒక్కోదాని నెత్తికీ వేర్వేరుగా గాలి గొట్టం ఉండాల్సిందే.

థర్మోస్టాట్ పీకేసే అలవాటు మన డ్రైవర్లలోనూ ఉంది. 13బిలో అలా పీకేస్తే దాని కింద ఉండే అడ్డదారి రంధ్రం తెరుచుకునే ఉండిపోతుంది. కాగిన నీరు రేడియేటరు ముఖం చూడకుండానే ఆ దారిన తిరిగి ఇంజనులోకి వచ్చేస్తుంది. పీకితే ఆ రంధ్రాన్నీ మూసెయ్యాలి.

బదరీనాథ్‌లో పప్పు

బదరీనాథ్ యాత్ర చేసినవారిని అడగండి, అక్కడ పప్పు ఉడకడానికి ఎంతసేపు పడుతుందో. సుమారు 10 వేల అడుగుల ఎత్తు. నీరు 100 డిగ్రీలకు కాక 90 దగ్గరే మరిగిపోతుంది. చిన్న విమానాలు ఎగిరే ఎత్తూ అదే. ఇంజను నీరు అక్కడ 90కే మరిగితే ఆవిరి పడుతుంది. ఆవిరి తాకిన లోహం చల్లబడదు. అందుకే వంట కుక్కరు లాగా మూతకు స్ప్రింగు పెట్టి, లోపల చదరపు అంగుళానికి 15 పౌన్ల వరకు ఒత్తిడి నిలుపుతారు. అప్పుడు 100 డిగ్రీలు దాటినా మరగదు. నీటిలో సగం గ్లైకాల్ కలపడం వల్ల చలికి గడ్డకట్టదు, అల్యూమినియం తినుకుపోదు.

ఒత్తిడి ఉన్నచోట గొట్టం ఊడే భయం ఉంటుంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద అదురుతుంటే రేడియేటరు విమానం ఒంటికి కదలకుండా అంటుకుని ఉంటుంది. రెండిటినీ ఒకే అల్యూమినియం గొట్టంతో కలిపితే కొన్నాళ్ళకు చిట్లక తప్పదు. మధ్యలో పొట్టి రబ్బరు ముక్కలు ఉండాలి. లోహపు గొట్టం అంచును నున్నగా వదలకూడదు. చుట్టూ చిన్న గట్టు లేపి, దాని వెనక క్లిప్పు బిగిస్తే రబ్బరు జారదు. పొగగొట్టం పక్కనుంచి పోయే చోట మంటకు తట్టుకునే తొడుగు వేస్తారు.

వేడి చూపే మీటరు ఒక్కటే నమ్మితే మోసపోవచ్చు. నీరంతా కారిపోతే దాని మొన గాల్లో తేలుతుంది, ముల్లు పైకి పోవడానికి బదులు కిందికే రావచ్చు. ఇంజను మాడుతుంటే మీటరు బాగానే ఉందని చెబుతుంది. అందువల్ల అనుభవం ఉన్నవారు నీటి ఒత్తిడికీ ఒక మీటరు పెట్టుకుంటారు. గొట్టం చిట్లిన మరుక్షణం అది పడిపోతుంది. వేడి పెరగక ముందే పైలట్ దగ్గర్లో దిగే చోటు వెతుక్కోవచ్చు.

మొదటిసారి ఎగరడానికి ముందు సైకిలు పంపులాంటి దానితో గాలి కొట్టి గొట్టాలన్నీ పరీక్షిస్తారు. నీరు నింపేటప్పుడు ముక్కు ఎత్తి, దించి, బుడగలు పోయేదాకా పోస్తూనే ఉంటారు. తోకను గుంజకు కట్టి ఇంజను గట్టిగా తిప్పి చూస్తారు. ఆ తర్వాత కూడా ప్రతిసారీ ఎక్కేముందు వంగి విమానం ముక్కు కింద నేల చూస్తారు. గ్లైకాల్ నీటికి రంగు కలిపేది ఇందుకు కూడా పనికొస్తుంది. సిమెంటు గచ్చు మీద పచ్చని చుక్క ఒక్కటి కనిపించినా మూత విప్పి గొట్టం గొట్టం తడిమి చూసే పని ఆ రోజు మొదలవుతుంది.