రక్తమా... వంటిల్లా?

బోధన్‌లో ‘షుగర్’ అనే మాటకు రెండర్థాలు. ఒకటి, శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ. చుట్టుపక్కల పల్లెల చెరకు బండ్లు ఒకప్పుడు దాని ముందే బారులు తీరేవి. 2015 డిసెంబరులో అది మూతపడింది. రెండోది మధుమేహం. దానికి మాత్రం మూత లేదు!

నిజామాబాద్‌లో ఏ డాక్టరు దగ్గరికెళ్లినా అడిగే ప్రశ్న... ‘మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?’ ‘మా బాపుకు ఉండె సార్, అన్నకు గూడ ఉంది’ అన్న జవాబూ మామూలే. దేశంలో మధుమేహులు సుమారు 10.1 కోట్లని 1,13,043 మందిని పరీక్షించి భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. మరి ఒకే ఇంట్లో ఇంతమందికి ఎందుకొస్తోంది? తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది జన్యువా, లేక ఒకే పొయ్యి మీద వండిన తిండా?

ఇలాంటి చిక్కుముడులను అంకెలతో విప్పడమే వృత్తిగా చేసుకున్నారు ఓ తెలుగు ప్రొఫెసర్. ఆయనే దబీరు సి. రావు.

కోల్‌కతా నుంచి హవాయికి...

సి.ఆర్. రావు దశాబ్దాల పాటు పనిచేసిన కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలోనే డి.సి. రావు చదువుకున్నారు. 1970లలో హవాయి విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రవేత్త న్యూటన్ మోర్టన్‌తో కలిసి పనిచేశారు. అక్కడే కుటుంబ పోలికలను లెక్కగట్టే పద్ధతులకు పదునుపెట్టారు.

ఆ లెక్క కిటుకు మనకూ అర్థమయ్యేదే. భార్యాభర్తలకు మామూలుగా రక్తసంబంధం ఉండదు, వంటిల్లు మాత్రం ఒకటే. అన్నదమ్ములకు రెండూ ఒకటే. దత్తత బిడ్డకు ఇల్లు ఒకటే, రక్తం వేరు. ఈ జంటల మధ్య బీపీ, కొలెస్ట్రాల్ ఎంత దగ్గరగా ఉన్నాయో పోల్చి చూస్తే పుట్టుక వాటా ఎంతో, అలవాట్ల వాటా ఎంతో అంచనాకు అందుతుంది. ఒక్క ఇంటిని చూస్తే తేలదు. వందల ఇళ్లు కావాలి!

ఇరవై వారాల వ్యాయామం

1980లో ఆయన సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బయోస్టాటిస్టిక్స్ విభాగానికి సారథి అయ్యారు. 1984లో మొదలైన ‘జెనెటిక్ ఎపిడెమియాలజీ’ పత్రికకు తొలి సంపాదకుడూ ఆయనే.

ఆయన బృందం లెక్కలు చూసిన పెద్ద అధ్యయనాల్లో ‘హెరిటేజ్’ ఒకటి. క్లాడ్ బుషార్ నాయకత్వంలో అమెరికా, కెనడాలలో జరిగింది. వ్యాయామం అలవాటు లేని తల్లిదండ్రులతో, వాళ్ల పిల్లలతో 20 వారాలు సైకిల్ తొక్కించారు. ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి కొందరికి బాగా పెరిగింది, కొందరికి దాదాపు పెరగనే లేదు. 98 కుటుంబాల్లోని 481 మంది ఫలితాలు 1999లో వెలువడ్డాయి. ఒకే ఇంటివాళ్ల మధ్య ఉన్న తేడా కంటే ఇంటికీ ఇంటికీ మధ్య తేడా రెండున్నర రెట్లు ఎక్కువ! ఈ తేడాల్లో గరిష్ఠంగా 47 శాతం దాకా కుటుంబం వల్లే కావచ్చని తేల్చారు. అయితే అందులో జన్యువులతో పాటు ఇంటి అలవాట్లూ కలిసే ఉన్నాయి.

అంటే, ‘వంశంలోనే ఉంది’ అన్నది సగం మాటే. వంశంతో పాటు వచ్చే ఉప్పు, నూనె, కూర్చునే అలవాటు కూడా ఆ మాటలోనే దాగి ఉంటాయి. రక్తాన్ని మార్చుకోలేం... వంటింటిని మార్చుకోగలం.

ఇంట్లో ఎవరికి ఏ వయసులో ఏ జబ్బు వచ్చిందో ఓ కాగితం మీద రాసిపెట్టండి. డాక్టరు అడిగే ఆ ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు లేదు.