మీకు తెలుసా? ఊరు స్కాట్లండ్‌ది, పేరు ఐర్లండ్ సాధువుది!

స్కాట్లండ్ తూర్పు తీరాన, అర్బ్రోత్ పట్టణం పక్కనే ఉన్న చిన్న పల్లె సెయింట్ విజియన్స్. 7వ శతాబ్దపు ఐర్లండ్ సన్యాసి ఫెకిన్ పేరే లాటిన్ రాతల్లో ‘విజియానస్’గా మారి ఈ ఊరికి స్థిరపడింది.

ఊళ్లో నిటారైన దిబ్బ మీద చర్చి ఉంది. అక్కడ దొరికిన, పూర్వం స్కాట్లండ్‌లో నివసించిన పిక్ట్ జాతివారి చెక్కుడు రాళ్లను దిగువనున్న పాత ఇళ్లలోని మ్యూజియంలో భద్రపరిచారు. వాటిలో ‘డ్రోస్టెన్ రాయి’ ప్రత్యేకం. ఒకవైపు సిలువ, మరోవైపు అడవిపందికి గురిపెట్టిన వేటగాడు, పక్క అంచున లాటిన్ లిపిలో శాసనం! పిక్టుల రాళ్లపై ఈ లిపి చాలా అరుదు.

1178లో విలియం ద లయన్ రాజు మఠం కట్టించిన అర్బ్రోత్ కూడా ఒకప్పుడు ఈ పల్లె పారిష్‌ (చర్చి పరిధి) కిందిదే.