నివాసానికి ఏ నగరం మేలు?

నివాసయోగ్యమైన నగరాల జాబితా వెలువడిన ప్రతిసారీ మా ఊరు గొప్పదంటే మా ఊరు గొప్పదనే వాదులాట మొదలవుతుంది. ఈ జాబితాల్లో పేరున్నది ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ రూపొందించేది. భద్రత, వైద్యం, సంస్కృతి-పర్యావరణం, విద్య, మౌలిక వసతులు అనే ఐదు అంశాలను బట్టి 173 నగరాలకు నూటికి ఇన్నని మార్కులు వేస్తారు. 2022 నుంచి 2024 దాకా వియన్నాదే మొదటి స్థానం. 2025లో కోపెన్‌హాగన్ దాన్ని దాటింది.

అయితే ఈ మార్కులు ఎవరికోసమన్నది చూడాలి. విదేశాలకు బదిలీ చేసే ఉద్యోగులకు అదనపు భత్యం ఎంత ఇవ్వాలో కంపెనీలు వీటిని చూసి తేల్చుకుంటాయి. మార్కులు 80 దాటితే భత్యం అక్కర్లేదు. 50 లేదా అంతకన్నా తక్కువైతే జీతంలో 20 శాతం సూచిస్తారు. ఇంటి అద్దె, సరుకుల ధరలు ఇందులో లెక్కకు రావు. సొంత జేబులోంచి అద్దె కట్టేవారికి అసలు ప్రశ్నే అది!

మన దేశంలో కేంద్రం 2018లో 111 నగరాలను పోల్చితే పుణె మొదట నిలిచింది, తిరుపతి నాలుగోది. 2020 సూచీలో కొలమానం మారింది. పౌరుల అభిప్రాయానికి 30 శాతం విలువ ఇచ్చారు, పది లక్షల జనాభా దాటిన నగరాలను వేరుచేశారు. వాటిలో బెంగళూరు మొదటిది, హైదరాబాద్ 24వది. చిన్న నగరాల్లో సిమ్లా మొదట, కాకినాడ నాలుగో స్థానంలో నిలిచాయి.

మొదటి ర్యాంకు పొందిన బెంగళూరులోనే 2024 వేసవిలో వేలాది బోర్లు ఎండిపోయి, జనం ట్యాంకర్ల కోసం పడిగాపులు కాశారు. మకాం మార్చాలనుకునేవారు ర్యాంకు కన్నా ముందు తాము ఉండబోయే పేటలో అద్దె, నీటి సరఫరా, ఆఫీసుకు పట్టే సమయం కనుక్కోవడం మంచిది.