ఓటు ముందు, లెక్క వెనక

2023 సెప్టెంబర్ 16న నార్లాపూర్‌లో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల 145 మెగావాట్ల బాహుబలి మోటారు స్విచ్ నొక్కారు. కృష్ణా నీళ్లు ఎగదన్నుకుని వచ్చి అంజనగిరి జలాశయంలో పడ్డాయి. పాలమూరు జనానికి అది చిన్న సంతోషం కాదు. సరిగ్గా 75 రోజులకు, నవంబర్ 30న, తెలంగాణ శాసనసభకు ఓట్లు వేశారు. ఆ నీటిని చేలకు చేర్చే కాల్వలు మాత్రం అప్పటికి కాలేదు. వాటికి ఆ ఏడు సొమ్ము ఎంత దొరుకుతుందో చెప్పే కాగితం ఓటరు చేతిలో లేదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో అప్పటి ఆర్థిక మంత్రి హరీశ్‌రావు పెట్టిన బడ్జెట్ 2,90,396 కోట్లు. అందులో ఒక్క దళితబంధుకే 17,700 కోట్లు. ప్రభుత్వం మారాక, 2024 ఫిబ్రవరి 10న కొత్త ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క అదే ఏడాదికి చూపిన సవరించిన అంచనా 2,24,625 కోట్లు. తగ్గింది 65,771 కోట్లు, అంటే నూటికి 22 రూపాయల పైమాటే. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో వేసిన మొత్తం అంచనాయే 35,200 కోట్లు!

ఇంత కోతకు జీవో రాదు, ప్రెస్‌మీట్ ఉండదు. బిల్లు ఆగిపోతుంది, అంతే. నల్లగొండ పల్లెలో సర్పంచ్ వడ్డీకి తెచ్చి సీసీ రోడ్డు వేయిస్తాడు. ఇంజనీరు (ఏఈ) వచ్చి కొలిచి కొలతల పుస్తకం (ఎంబీ) రాస్తాడు. చెక్కు ట్రెజరీకి పోతుంది, టోకెన్ నంబరు వస్తుంది, డబ్బు రాదు. 2024 జనవరి 31న పదవి దిగిపోయిన సర్పంచుల్లో ఎందరో ఆ తర్వాతా ఈ బిల్లుల కోసం తిరిగారు. కోత అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ టోకెన్ చీటీయే.

అప్పుల సంగతీ అంతే. కొత్త ప్రభుత్వ శ్వేతపత్రం 6,71,757 కోట్లంది. గద్దె దిగిన బీఆర్ఎస్ ఒప్పుకోక ‘స్వేదపత్రం’ పేరిట తన లెక్క తెచ్చింది. ఎవరి లెక్క సరైనదైనా, రెండూ వచ్చింది డిసెంబర్‌లో, ఓట్లు పడ్డాకే. గద్దెనెక్కిన కాంగ్రెస్ కూడా తర్వాతి ఏడాది బడ్జెట్‌ను 2024 లోక్‌సభ ఎన్నికల ముందు 2,75,891 కోట్లని, జూలైలో 2,91,159 కోట్లని చెప్పింది.

న్యూజిలాండ్‌లో, ఆస్ట్రేలియాలో ఎన్నికలకు ముందే ఖజానా పరిస్థితిని అధికారులు ప్రకటించి తీరాలి. చట్టమే అలా ఉంది. మన దగ్గర హామీలకు డబ్బెక్కడిదో పార్టీలు చెప్పాలని ఎన్నికల నియమావళిలో ఉంది. గద్దె మీదున్న ప్రభుత్వం ఏ పద్దుకు ఎంత కోసిందో చెప్పాలని లేదు. కాగ్ నెలనెలా లెక్కలు పెడుతుంది, నిజమే. అందులో రాష్ట్రం మొత్తం ఖర్చు కనిపిస్తుంది గానీ మన ఊరి కాల్వ కనిపించదు.

నోటిఫికేషన్‌కు నెల ముందు జిల్లాల వారీగా, పద్దుల వారీగా కేటాయింపు, విడుదల, బకాయి ప్రకటించేలా చట్టం చేయాలి. అది వచ్చేదాకా, మీ వాకిట్లోకి వచ్చి కోట్లు చెప్పే ప్రతి నాయకుడినీ, ఏ పార్టీ వాడైనా సరే, ఒక్కటి అడగండి: నిరుడు రాసిందెంత, ఇచ్చిందెంత?