సైకిలు పందెములో జట్టు బలము

సైకిలును ఎరుగని ఊరు తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో లేదు. పాలు పోయువారికి, బడికి పోవు పిల్లలకు, పనికి పోవు కూలీలకు అది చిరకాల మిత్రము. ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లు పంచిపెట్టు పథకమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గత దశకములో 'బడికొస్తా' అను పేరుతో నడిపినది. పొరుగున తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో, 1990ల ఆరంభమున, అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు తొక్కుట నేర్చుకొనిరి.

అయినను మన బాలికలలో పెక్కుమందికి సైకిలు పదవ తరగతితోనే ముగిసిపోవుచున్నది. దానిని ఆటగా, పందెముగా చేపట్టువారు బహు కొలదిమంది. "అది మగపిల్లల ఆట, దానికి కండబలము కావలెను" అను మాటను తరచుగా వినుచున్నాము. సైకిలు పందెమును నిజముగా గెలిపించునది ఏది? కండయా, గాలియా, బరువా, బుద్ధియా? పదవ తరగతి భౌతికశాస్త్రము, కొంచెము శరీరశాస్త్రము తెలిసినచో ఈ ప్రశ్నకు మనమే సమాధానము చెప్పుకొనవచ్చును.

ఆలస్యముగా తెరచిన ద్వారము

ఆధునిక ఒలింపిక్ క్రీడలు ఏథెన్సులో మొదలైన 1896లోనే పురుషులకు రోడ్డు సైకిలు పందెము ఉండెను. స్త్రీలకు అట్టి పందెము 1984లో, లాస్ ఏంజలిస్ క్రీడలలో మాత్రమే వచ్చినది. మధ్య గడచినవి 88 సంవత్సరములు. మహిళల ప్రపంచ రోడ్డు పోటీ కొంత ముందుగా, 1958లో ఫ్రాన్సు దేశపు రాన్స్ నగరమున మొదలైనది. లక్సెంబర్గ్ అను చిన్న దేశమునకు చెందిన ఎల్సీ జాకబ్స్ దానిలో గెలుపొందెను. మన దేశములో అండమాను-నికోబారు దీవులకు చెందిన డెబోరా హెరాల్డ్, 2004 నాటి సునామీ నుండి బాల్యమున ప్రాణములతో బయటపడి, తరువాత ట్రాకు సైకిలు పందెములలో భారతదేశమునకు పేరు తెచ్చినది. అవకాశము దొరికినచోట స్త్రీలు వెనుకబడలేదని ఈ చరిత్ర తెలుపుచున్నది.

గాలి అను గోడ

చదునైన రోడ్డుపై సైకిలు తొక్కునప్పుడు మనము రెండు నిరోధములను ఎదుర్కొందుము. ఒకటి చక్రములకు, రోడ్డుకు మధ్య కలుగు దొర్లుడు ఘర్షణ. రెండవది గాలి నిరోధము. ఘర్షణ వేగముతో అంతగా మారదు. గాలి నిరోధము మాత్రము వేగము యొక్క వర్గముననుసరించి పెరుగును. అనగా వేగము రెండింతలైనచో గాలి బలము నాలుగింతలగును.

ఒక ఉదాహరణ తీసికొందము. 55 కిలోల బాలిక, 10 కిలోల సైకిలు, మొత్తము 65 కిలోలు. ఆమె గంటకు 18 కి.మీ., అనగా సెకనుకు 5 మీటర్ల వేగముతో పోవుచున్నది. అప్పుడు గాలి నిరోధము సుమారు 6 న్యూటనులు, ఘర్షణ సుమారు 3.2 న్యూటనులు. మొత్తము బలమును వేగముతో హెచ్చించినచో కావలసిన సామర్థ్యము వచ్చును. అది సుమారు 46 వాట్లు. ఇది ఎవరికైనను సులభము.

ఇప్పుడు వేగమును గంటకు 36 కి.మీ.కు పెంచుదము. గాలి నిరోధము 24 న్యూటనులగును. సెకనుకు 10 మీటర్ల వేగమున గాలికే 240 వాట్లు, ఘర్షణకు 32 వాట్లు, మొత్తము 272 వాట్లు కావలెను. వేగము రెండింతలే, శ్రమ దాదాపు ఆరింతలు! బలమైన వ్యాయామము చేసినవారు కూడ ఇంతటి సామర్థ్యమును ఒంటరిగా గంటసేపు నిలుపుట కష్టము.

ఎదురుగాలి వీచినప్పుడు కథ మరింత కఠినమగును. సెకనుకు 8 మీటర్ల వేగముతో పోవు బాలికకు సెకనుకు 3 మీటర్ల ఎదురుగాలి తగిలినచో, గాలికి సంబంధించినంతవరకు ఆమె వేగము 11 మీటర్లే. నిరోధము 15 న్యూటనుల నుండి 29 న్యూటనులకు పెరుగును. రేణిగుంట వైపు తేలికగా పోయిన సైకిలు, తిరుగు ప్రయాణములో ఎందుకు బరువెక్కినట్లు తోచునో దీనివలన తెలియును.

గాలిచాటు

ముందు పోవువారు గాలిని చీల్చుకొని పోవుదురు. వారి వెనుక కొంతమేర గాలి వారితో పాటే కదలుచుండును. ఆ చాటున పోవువారికి నిరోధము తగ్గును. అర మీటరు దూరమున, సరిగా వెనుకనే పోవు రెండవ వ్యక్తికి గాలి నిరోధము సుమారు మూడవ వంతు తగ్గును. మనము జాగ్రత్తగా నూటికి 30 వంతులే అనుకొందము. అప్పుడు గంటకు 36 కి.మీ. వేగమున ఆమెకు 272కు బదులు 200 వాట్లు చాలును.

జట్టు విలువ ఇచటనే ఉన్నది. నలుగురు బాలికలు ఒకరి వెనుక ఒకరు పోవుచు, కొలది నిమిషములకొకసారి ముందున్నామె ప్రక్కకు తప్పుకొని చివరకు చేరుచున్నారనుకొందము. ఒక్కొక్కరు కాలములో నాల్గవ వంతు ముందు, మూడు వంతులు చాటున ఉందురు. సగటు శ్రమ 218 వాట్లు. ఇదే 218 వాట్లతో ఒంటరిగా తొక్కినచో వేగము గంటకు 33 కి.మీ. మాత్రమే. 40 కి.మీ. పందెములో జట్టుకు 66 నిమిషముల 40 సెకనులు పట్టును. ఒంటరి బాలికకు సుమారు 72 నిమిషములన్నర పట్టును. కండ పెరుగలేదు, సైకిలు మారలేదు. ఒకరికొకరు చాటుగా నిలుచుట వలననే దాదాపు ఆరు నిమిషములు కలిసివచ్చినవి.

పెద్ద గుంపులో ఈ లాభము ఇంకను ఎక్కువ. బెర్ట్ బ్లాకెన్ అను శాస్త్రజ్ఞుడు తన బృందముతో 121 మంది గుంపుపై జరిపి, 2018లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, గుంపు లోపల మధ్య, వెనుక భాగములలో ఉన్నవారిపై గాలి నిరోధము ఒంటరివారిపై ఉండుదానిలో నూటికి 5 నుండి 10 వంతులు మాత్రమే.

కొండ ఎక్కునప్పుడు

చదునైన నేలపై శత్రువు గాలి. కొండపై శత్రువు బరువు. మనకు బాగుగా తెలిసిన అలిపిరి-తిరుమల మార్గమును లెక్కకు తీసికొందము. అది యాత్రికుల మార్గము, పందెములకు తగినది కాదు. ఇచట దానిని కొలతకు మాత్రమే వాడుకొనుచున్నాము. పైకి పోవు రోడ్డు పొడవు సుమారు 18 కి.మీ., ఎక్కవలసిన ఎత్తును సుమారు 700 మీటర్లనుకొందము. 65 కిలోల భారమును ఆ ఎత్తునకు చేర్చుటకు కావలసిన పని 65 × 9.8 × 700, అనగా సుమారు 4 లక్షల 46 వేల జౌళ్లు. గంటలో ఎక్కినచో దీనికే 124 వాట్లు కావలెను. ఘర్షణకు 16, గాలికి 30 కలిపి మొత్తము 170 వాట్లు.

ఇచట గాలిచాటు లాభము తొమ్మిది వాట్లే. కాని 5 కిలోల బరువు అదనముగా ఉన్నచో ఆ లాభమంతయు తుడిచిపెట్టుకొని పోవును. కావున కొండపై చూడవలసినది మొత్తము సామర్థ్యము కాదు, కిలో బరువుకు వచ్చు సామర్థ్యము. సన్నని దేహము గల బాలిక కొండపై బలశాలిని దాటిపోవుటలో వింత లేదు. చదును నేలపై ముందుండి గాలిని చీల్చుటకు ఒకరు, కొండ ఎక్కుటకు ఒకరు, చివరి రెండు వందల మీటర్లలో దూకుటకు మరొకరు, ఇట్లు జట్టులో ఒక్కొక్కరికి ఒక్కొక్క పని ఏర్పడును. అందరును ఒకే విధముగా ఉండనక్కరలేదు.

గేర్ల ప్రయోజనము కూడ ఇచటనే తెలియును. పెడలు వద్ద 48 పళ్లు, వెనుక చక్రమున 16 పళ్లు ఉన్నచో, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనుక చక్రము మూడు చుట్లు తిరుగును. ఆ గేరుతో పై కొండను ఎక్కునప్పుడు పెడలు నిమిషమునకు 48 చుట్లే తిరుగును, దానిపై వేయవలసిన సగటు బలము 200 న్యూటనులు. 34, 20 పళ్ల గేరు వేసినచో చుట్లు 84 అగును, బలము 114 న్యూటనులకు తగ్గును. చేయు పని ఒక్కటే, మోకాళ్లపై భారము మాత్రము దాదాపు సగము. ఎదుగు వయసు పిల్లలకు ఇది ముఖ్యము.

లోపలి యంత్రము

మన కండరములు తీసికొన్న శక్తిలో నాల్గవ వంతు కంటె కొంచెము తక్కువ మాత్రమే పనిగా మారును. 170 వాట్ల పనికి శరీరము సుమారు 700 వాట్ల చొప్పున ఇంధనమును కాల్చవలెను. మిగిలిన 530 వాట్లు వేడి. ఒక లీటరు చెమట ఆవిరియగుటకు సుమారు 24 లక్షల జౌళ్లు పట్టును. ఈ లెక్కన గంటలో దాదాపు ముప్పాతిక లీటరుకు పైగా నీరు చెమటగా పోవును. చిత్తూరు జిల్లా ఎండలలో చెమట కొంత ఆవిరి కాకుండ నేల రాలును గనుక నష్టము ఇంకను ఎక్కువ. ఉప్పు వేసిన మజ్జిగ, నీరు వెంట ఉండవలెను. సాధన తెల్లవారుజామున జరుపవలెను. ఇంధనము కొరకు మన రాగిసంగటి, బెల్లము, వేరుశనగలు చక్కని ఆహారములు.

ఇంతకంటె ముఖ్యమైనది రక్తము. 700 వాట్ల మంటకు నిమిషమునకు రెండు లీటర్లకు పైగా ప్రాణవాయువు కావలెను. దానిని మోయునది హిమోగ్లోబిన్. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును పట్టగలదు. 100 మిల్లీలీటర్ల రక్తములో 12 గ్రాములున్నచో 16 మిల్లీలీటర్లు, 9 గ్రాములే ఉన్నచో 12 మిల్లీలీటర్లు. అనగా నాల్గవ వంతు తగ్గిపోయినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశములో 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. "ఈ పిల్లకు ఓపిక లేదు" అని మనము తీసివేయు బాలికకు తరచుగా లేనిది ఓపిక కాదు, ఇనుము. జట్టును ఏర్పరచు ఉపాధ్యాయులు మొదట సైకిళ్లను గాక, బాలికల రక్తమును పరీక్ష చేయించవలెను. లోపము కనబడినచో వైద్యుని సలహాపై మందు, ఆకుకూరలు ఇప్పించి ఆ పిదప పరుగు నేర్పవలెను.

ఒంటరి గణిత శాస్త్రజ్ఞురాలు

గాలిచాటు అంత గొప్పదైనచో, గుంపును విడిచినవారు ఎన్నడును గెలువరాదు గదా! 2021 జూలై 25న టోక్యో ఒలింపిక్సులో జరిగిన మహిళల రోడ్డు పందెము దీనికి ఆసక్తికరమైన సమాధానము చెప్పినది. ఆస్ట్రియా దేశపు ఆన్నా కీసెన్‌హోఫర్ గణితములో డాక్టరేటు పొందిన పరిశోధకురాలు. ఆనాటికి ఏ వృత్తి జట్టులోను లేదు. 137 కి.మీ. పందెములో ఆరంభముననే మరి కొందరితో కలిసి ముందుకు దూకి, చివరి 41 కి.మీ. ఒంటరిగా సాగి, 75 సెకనుల ఆధిక్యముతో బంగారు పతకము గెలిచినది. ఆమె సగటు వేగము గంటకు 35 కి.మీ. పైచిలుకు.

వెనుక నెదర్లాండ్స్ దేశపు మహా బలమైన జట్టు ఉన్నది. అయినను వారు ఆమెను ఎందుకు పట్టలేకపోయిరి? ఒలింపిక్సులో రేడియోలు వాడరాదు. ఆమెతో ముందు బయలుదేరిన ఇద్దరిని చివర పట్టుకొన్నప్పుడు, ముందు ఇక ఎవరును లేరని వారు భ్రమించిరి. రెండవదిగా వచ్చిన ఆన్మీక్ వాన్ ఫ్లూటెన్ తానే గెలిచితినని చేతులెత్తినది. గుంపునకు శక్తి మిగిలియుండవచ్చును. కాని ఆ శక్తిని వెచ్చించి ముందు నిలుచుటకు ఒకరు పూనుకొన్నప్పుడే అది వేగముగా మారును. ఎవరును పూనుకొననిచో గాలిచాటు వట్టి సోమరి నీడయే.

మన పాఠశాలలో

నలుగురు బాలికలు, నాలుగు సైకిళ్లు, ఒక గడియారము ఉన్నచో ఈ సత్యములను పరీక్షింపవచ్చును. మొదట వాహనములు రాని మైదానమును ఎన్నుకొనవలెను. ఒక కిలోమీటరును కొలిచి, ఒక్కొక్కరిని ఒంటరిగా తొక్కించి కాలము వ్రాయవలెను. విశ్రాంతి పిదప నలుగురిని వరుసలో తొక్కించి మరల వ్రాయవలెను. పరుగు ముగిసిన వెంటనే నాడిని లెక్కించినచో శ్రమలోని తేడా కూడ తెలియును.

ఒక హెచ్చరిక. సెకనుకు 10 మీటర్ల వేగమున అర మీటరు దూరము సెకనులో ఇరువదవ వంతులో గడచును. మనిషి కన్ను చూచి చేయి బ్రేకు పట్టుటకు కనీసము ఐదవ వంతు సెకను పట్టును. కావున ముందున్నవారు హఠాత్తుగా ఆగరాదు, గుంట కనబడినచో కేకవేసి చెప్పవలెను, వెనుకవారు తమ ముందు చక్రమును ముందువారి వెనుక చక్రము ప్రక్కకు చొప్పింపరాదు. ఆరంభములో రెండు, మూడు మీటర్ల ఎడము పాటించి, నేర్పు వచ్చిన కొలది తగ్గించుకొనవలెను. శిరస్త్రాణము లేక ఎవరును బయలుదేరరాదు.

కండబలము అక్కరకు రాదని ఎవరును అనలేరు. కాని సైకిలు పందెమున అది పలు అంశములలో ఒకటి మాత్రమే. గాలిని ఎరుగుట, బరువును లెక్కించుట, గేరును ఎంచుకొనుట, రక్తమును కాపాడుకొనుట, తోడివారికి చాటుగా నిలుచుట, ఇవన్నియు నేర్చుకొనదగిన విద్యలు. నేర్చుకొనుటకు బాలికలు సిద్ధముగానే ఉన్నారు. పదవ తరగతి తరువాత వారి సైకిలును గోడకు ఆనింపక, మైదానమునకు తెప్పించుట ఉపాధ్యాయుల వంతు.