పిరానా చేప: భయమెంత? నిజమెంత?

ఇటీవల పనిమీద నాంపల్లి స్టేషనులో దిగిన కొందరు పంచాయతీ సభ్యులు మాతో అబిడ్సు వరకు నడచి వచ్చిరి. అచ్చట ఒక దుకాణపు గాజుతొట్టిలో ఎర్రపొట్ట చేపలు నాలుగు మెల్లగా తిరుగుచుండెను. తొట్టిమీద ‘పిరానా’ అని వ్రాసియున్నది. సభ్యులలో ఒక పెద్దమనిషి రెండడుగులు వెనుకకు వేసి, "మనిషిని నిమిషములో ఎముకలపోగు చేయునవి ఇవేనా? మా చెరువులో వలకు ఇట్టివే పడినవండీ. నాటినుండి పిల్లలను, గేదెలను నీటిలోనికి పోనిచ్చుట లేదు. పట్టిన చేపను కొను నాథుడును లేడు" అనిరి.

పిరానా దక్షిణ అమెరికాలోని అమెజాను, పరానా మొదలగు నదులలోని చేప. సాధారణముగా జానెడుండును, మూరెడుకు మించదు. దాని పళ్ళు త్రికోణములు. కత్తెరవలె ఒకదానితో నొకటి కలిసి మాంసమును తెగగోయును. ఇంతవరకు నిజమే. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు తన బ్రెజిల్ యాత్రను గూర్చి 1914లో ప్రకటించిన గ్రంథముతో దీని క్రూరత్వము లోకమంతట ప్రాకినది. మిగిలినపని సినిమాలు చేసినవి.

వాస్తవమునకు పిరానా చిన్నచేపలను, వాని రెక్కలను, పొలుసులను, పురుగులను, గింజలను, చచ్చిన జంతువులను తినును. అది గుంపుగా తిరుగుట వేటకొరకని చాలకాలము నమ్మిరి. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞురాలు ఆన్ మగర్రన్, బ్రెజిల్ శాస్త్రజ్ఞులతో కలిసి పరిశీలించి, అది మొసళ్ళవంటి శత్రువుల భయముచేతనని 2005 ప్రాంతమున తెలిపిరి. రెండింటిని మాత్రమే తొట్టిలో నుంచినపుడు అవి బెదరి వేగముగా శ్వాసించినవి. ఎనిమిదింటిని కలిపి యుంచినపుడు నెమ్మదించినవి. నాంపల్లి బాగెఆంలోని జంతుప్రదర్శనశాల 1963లో మీర్ ఆలం చెరువుకడకు మారిన సంగతి పెద్దలెరుగుదురు. అచ్చటికి పోయి, పగలు నిదురించు పులిని చూచి నిరాశపడినవారెందరో! జంతుశాలల తొట్లలోని పిరానాయు అట్టిదే. నీడకు చేరి కదలక నిలుచును.

అట్లని దానిని సాధువనరాదు. బ్రెజిల్లో ఆనకట్టల వెనుక నిలిచిన నీటిలో స్నానము చేయువారిని కరచిన సందర్భములు కలవు. అవి గ్రుడ్లను కాపాడుకొను చేపల కాట్లనియు, సాధారణముగా ఒక్కొక్కరికి ఒక్క కాటేయనియు 2003లో పరిశోధకులు వ్రాసిరి. మన కొర్రమీనును పిల్లలను కాచుకొను చేపయే. దానిని చూచి మనమెవ్వరము పరుగెత్తము.

ఇక ఆ పెద్దమనిషి చెరువులోని చేప ఏది? అబిడ్సు తొట్టిలోని చేపయొకటి గాజునొద్దకు వచ్చి నోరు తెరచినపుడు మేము చూపితిమి: పళ్ళు మొనదేలి లేవు, మన దవుడపళ్ళవలె బల్లపరుపుగా నున్నవి. అది పిరానా కాదు, దాని దాయాది పాకు. మన మార్కెట్లలో ‘రూప్‌చంద్’ అని అమ్ముచున్నది అదియే. 2003-04 ప్రాంతమున బంగ్లాదేశ్ మీదుగా మనదేశమునకు వచ్చి, ఆంధ్ర ప్రాంతపు చెరువులలో విరివిగా పెంపకమునకు వచ్చినది. కాయలు, గింజలు కొరుకు చేప, తినుటకు యోగ్యము. గట్టికాయలను పగులగొట్టు దవుడలు గనుక నోటిలో వేలుపెట్టి పరీక్షింపరాదు. చచ్చినదాని పెదవి పుల్లతో ఎత్తి చూచిన చాలును. మా మాట విని ఆ పెద్దమనిషి, "అయితే మావాళ్ళు పారవేసినది మంచి చేపయేనన్నమాట" అని నొచ్చుకొనిరి.

చెరువునకు చేటు మరియొక దారిని వచ్చును. పట్టణములలో ముచ్చటకు చేపలు పెంచినవారు విసుగుపుట్టినపుడు వానిని కాలువలో వదలుదురు. గాజునంటి పాచి నాకు సక్కరు చేప ఇట్లే మన నీళ్ళలో చేరి, ముళ్ళతో వలలు చించుచు జాలరులను ఏడిపించుచున్నది. రూప్‌చంద్ కూడ పరదేశపు చేపయే గనుక, దానిని పెంచు చెరువుల అలుగునకు, తూమునకు వానలకు ముందే జాలి కట్టించవలెను. ఎరుగని చేప వలలో పడినచో తిరిగి నీటిలో వదలక, మంచుగడ్డలో నుంచి జిల్లా మత్స్యశాఖాధికారికి చూపవలెను. ఆయన మాట వచ్చువరకు చెరువుకడ దండోరా వేయింపనక్కరలేదు.